ఒక్క కాలువ నీళ్లు

బస్సు మెట్‌పల్లి దాటాక పెద్ద గుంతలో పడి లేచింది. బుచ్చిరాములు ఒళ్లో ఉన్న సంచిలో ఏదో ఇనుప వస్తువు టిఫిన్ డబ్బాకు తగిలి ఖంగుమంది. పులిహోర ఒలికిందేమోనని ఆయన చెయ్యి పెట్టి చూశాడు. డబ్బా మూత బాగానే ఉంది. మనవరాలి కొత్త పలక పగలలేదు. వాటి అడుగున, పాత తువ్వాలలో చుట్టి, చావి ఉంది.

ఆయన దాన్ని తువ్వాలతో సహా బయటికి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

చావి అంటే ఇక్కడ తాళంచెవి కాదు. మూరెడు పొడవున రెండు వంపులు తిరిగిన ఇనుప కడ్డీ. కాలువ తూముకు ఉండే ఇనుప తలుపును పైకి లేపాలన్నా కిందికి దించాలన్నా దాన్ని మరకు తగిలించి తిప్పాలి. తిప్పడం అయ్యాక ఊడబీకి ఇంటికి తెచ్చుకోవాలి. తూము దగ్గరే వదిలేస్తే తెల్లారేసరికి ఎవరికి తోచినట్టు వాళ్లు తిప్పుకుంటారు. అందుకే రంగాయపల్లెలో బుచ్చిరాములు ఎక్కడుంటే చావి అక్కడుంటుంది. పెళ్లికి పోయినా చావుకు పోయినా సంచిలో అది ఉండాల్సిందే. కనుక చావి సంచిలో ఉండటం వింతేమీ కాదు. నిన్న సాయంత్రం దాన్ని ఊడబీకే ముందు తిప్పాడా లేదా అన్నదే ఆయనకు గుర్తు రావడం లేదు.

కట్ట మీద నిలబడ్డది గుర్తుంది. చావిని మరకు తగిలించింది గుర్తుంది. పక్క పొలంలో కోతకొచ్చిన వరి మీద పిట్టలు లేచింది కూడా గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నదల్లా ఒక ఇంగ్లీషు మాట.

ఈ మాటల పిచ్చి సంగతి ఇప్పుడే చెప్పాలి, లేకపోతే మనిషి అర్థం కాడు. బుచ్చిరాములు కాలువ మీద లష్కర్. తూములు ఎత్తడం, దించడం, వంతు ప్రకారం నీళ్లు వదలడం, గండి పడితే ఆఫీసుకు కబురు పెట్టడం ఆయన పని. పదో తరగతిలో అన్నీ పాసై ఇంగ్లీషు ఒక్కటి తప్పాడు. మళ్లీ రాశాడు, మళ్లీ తప్పాడు. అలాంటివాడికి ఇంగ్లీషంటే మండాలి. చాలా ఏళ్లు మండింది కూడా. ఒకరోజు కాలిపోయిన మోటారు అమ్ముదామని హుజూరాబాద్‌లో ఇనాయతుల్లా పాత సామాను దుకాణానికి పోయాడు. తూకం అయ్యేదాకా కూర్చుందామంటే చోటు లేదు. నేల మీద లావుపాటి పుస్తకం ఒకటి పడి ఉంటే దాని మీద కూర్చున్నాడు. లేచాక, ఇంతసేపు మోసింది కదా, ఇందులో ఏముందో చూద్దామని తెరిచాడు.

ముందూ వెనకా అట్టల్లేని డిక్షనరీ. మాటకు అర్థం చెప్పి ఊరుకోకుండా, ఆ మాట ఏ దేశంలో పుట్టి ఏయే ఊళ్లు తిరిగి ఇంగ్లీషులోకి వచ్చిందో కూడా రాశారు. తెరిచిన పేజీలో బ్యాండికూట్ అనే మాట ఉంది. దాని పక్కన, ఇది తెలుగువాళ్ల పందికొక్కు అని ఉంది.

ఆయన మళ్లీ చదివాడు. గట్లకు బొక్కలు పెట్టి, వడ్లు మేసి, తన ప్రాణం తోడుతున్న పందికొక్కు ఓడెక్కి సీమకు పోయి ఇంగ్లీషు బుక్కులో కాలు మీద కాలేసుకుని కూర్చుంది! తాను తప్పిన ఇంగ్లీషులో తమ ఊరి పందికొక్కు పాసైంది. బుచ్చిరాములు ఆ దుకాణంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇనాయత్ భాయ్, గీ పుస్తకం ఎంతకిస్తవు?"

"నువ్వు కూసున్నదా? తీస్కపో అన్నా. సగం చెదలు తిన్నది. దాన్ని తూకమేస్తే నా కాంటకే ఇజ్జత్ పోతది."

చెదలు తిన్నవి మొదటి పేజీలు. అందుకే బుచ్చిరాములుకు ఏతో మొదలయ్యే మాటల పుట్టుపూర్వోత్తరాలు ఇప్పటికీ తెలియవు. యాపిల్ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే కశ్మీరు నుంచి అంటాడు. బీ మొదలుకుని మాత్రం ఆయనను ఆపేవారు లేరు. పొద్దున ఒక మాట చదువుకుంటాడు, కాలువ గట్టు వెంట నడుస్తూ రోజంతా దాన్ని బెల్లం ముక్కలా చప్పరిస్తాడు. మజిల్ అంటే కండ కదా, ఒకప్పుడు దానికి చిట్టెలుక అని అర్థమట. చెయ్యి మడిస్తే తోలు కింద ఎలుక కదిలినట్టు ఉంటుందని ఆ పేరు పెట్టారట. ఈ సంగతి భార్య దేవవ్వకు చెప్పి తన చెయ్యి మడిచి చూపించాడు. ఆమె చూసి, "నీ చెయ్యిల ఎలుక ఎప్పుడో ఉపాసమున్నది, పోయి గడ్డి కొయ్యి" అంది.

ఆయన మాటలు వినేవాడు ఇనాయతుల్లా ఒక్కడే. వాళ్లిద్దరికీ అదొక ఆట. బుచ్చిరాములు ఇంగ్లీషు మాట చెబితే ఇనాయతుల్లా అందులో ఉర్దూ దొరుకుతుందేమో చూస్తాడు. మ్యాగజైన్ అంటే ముందు గిడ్డంగి అని, అరబ్బీ నుంచి వచ్చిందని బుచ్చిరాములు చెబితే, "మఖ్జన్! మా ఖజానకు పెద్దన్న అది" అని ఇనాయతుల్లా తొడ చరిచాడు. అన్నిటికన్నా పెద్ద పండుగ ఎల్ పేజీల్లో జరిగింది. లాస్కర్ అనే ఇంగ్లీషు మాట ఉంది. ఓడల్లో పనిచేసే మనదేశపు కూలీని తెల్లవాళ్లు అలా పిలిచేవారట. అది లష్కర్ నుంచే వచ్చింది. లష్కర్ అంటే ఫారసీలో దండు. అంటే సైన్యంలో పుట్టిన మాట సముద్రం ఎక్కింది, సముద్రం దిగి కాలువ గట్టు మీదికి వచ్చి తన నెత్తిన కూర్చుంది. ఆయన సముద్రం చూడలేదు. అయినా ఆరోజు చావిని భుజాన వేసుకుని కెప్టెన్‌లా నడిచాడు. ఇంత పనికిమాలిన సంతోషం ఇంకెందులోనూ లేదని ఆయనకు తెలుసు. ఎవరికీ నష్టం లేనిది కదా అనుకునేవాడు.

ఇప్పుడు బస్సులో కూర్చుని అదే అనుకోలేకపోతున్నాడు.

సంగతేమిటంటే, రంగాయపల్లె వరికి ఆఖరి తడి అయిపోయింది. ఊళ్లో సగానికి పైగా కోతలయ్యాయి. ఈరోజు తెల్లవారుజామున పెద్దకాలువకు నీళ్లు వదిలి ఉంటారు. అవి కింది మండలాలవి, రంగాయపల్లెవి కావు. అందుకని ఊరి తూము ముందురోజే మూసెయ్యాలి. అది తెరిచి ఉంటే నీళ్లు ఊరి పిల్లకాలువలో పడి, పొలాలు దాటి, చివరికి పోయి చేరేది కల్లంలోకి. ఊరి మొత్తానికి అదే పల్లపు జాగ. కోసిన వడ్లన్నీ అక్కడే కుప్పలు పోసి ఆరబెట్టారు. తేమ తగ్గితే కొనేవాళ్లు తూకం వేస్తారు, తడిస్తే మొలకలొస్తాయి. అన్నిటికన్నా కింద, కాలువ నోటి దగ్గర ఉన్న కుప్ప కిష్టవ్వది. మొగుడు పోయాక కౌలుకు పట్టి, కలుపు తానే తీసి, మందు తానే చల్లి పండించింది. ఆ కుప్ప పక్కనే మంచం వేసుకుని పడుకుంటోంది.

తూము తెరిచి ఉంటే నీళ్లు మధ్యాహ్నానికి అక్కడికి చేరతాయి.

"ఏమాయె? మొఖం గట్ల పెట్టినవేంది?" పక్క సీట్లోంచి దేవవ్వ అడిగింది.

"ఏం లేదు."

"ఏం లేకపోతె గా చావిని పసిపిల్లలెక్క ఎందుకు పట్టుకున్నవు?"

బుచ్చిరాములు చావిని తువ్వాలలో చుట్టి సంచిలోకి తోశాడు. ముందు సీట్లో కూతురు నవనీత, ఆమె ఒళ్లో మూడేళ్ల నందిక ఉన్నారు. వాళ్లు బాసర పోయేది నందికకు అక్షరాభ్యాసం చేయించడానికి. నవనీత మొగుడు సాగర్ ఖతార్‌లో ఉన్నాడు. సెలవు దొరకలేదు. తండ్రి కూర్చోవలసిన పీట మీద తాతను కూర్చోమన్నారు. మంచిరోజు చూసి, కొత్త బట్టలు కొని, నెల నుంచి అనుకుంటున్న ప్రయాణం. సగం దారిలో దిగి వెనక్కి పోతానని ఏ నోటితో అంటాడు? పోనీ అన్నా, తిరిగి ఊరు చేరేసరికి పొద్దు వాలుతుంది. అప్పటికి కిష్టవ్వ వడ్లు ఈదుతుంటాయి.

ఆయనకు గొంతు దగ్గర బిగిసినట్టయింది. వర్రీ అనే మాటకు మొదట గొంతు పిసకడం అని అర్థమని ఎప్పుడో చదివి, ఇదేం పోలిక అనుకున్నాడు. ఇప్పుడు తెలిసింది. తెలిసినందుకు ఏ సంతోషమూ కలగలేదు. ఈ సమయంలో కూడా మాటలే గుర్తొస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

నిన్నటి మాట రైవల్. శత్రువు, పోటీదారు అని అందరికీ తెలిసిందే. సినిమాల్లో కూడా వింటుంటాం. కానీ దాని పుట్టుక చూస్తే, లాటిన్‌లో రివస్ అంటే వాగు. ఒకే వాగు నుంచి, ఒకే కాలువ నుంచి నీళ్లు వాడుకునే ఇరుగుపొరుగును రివాలిస్ అనేవారట. అదే రైవల్ అయింది. అంటే రెండువేల ఏళ్ల కింద కూడా కాలువ గట్టు మీద రైతులు వంతుల కోసం కొట్టుకున్నారు. వాళ్లకూ ఒక లష్కర్ ఉండే ఉంటాడు. వాడినీ అందరూ తిట్టే ఉంటారు. నిన్న సాయంత్రం తూము దగ్గర నిలబడి బుచ్చిరాములు ఇదే తలుచుకున్నాడు. తలుచుకుంటూ పక్క పొలం వైపు చూశాడు. ఆ పొలం రాంచందర్‌ది.

రాంచందర్ ఆయన పెదనాయన కొడుకు. ఆ వైపు పల్లెల్లో ఇలాంటి వరసవాళ్లను పాలోళ్లు అంటారు, పాలు పంచుకునేవాళ్లని. నీళ్లు తక్కువైన ఒక యాసంగి పంటకు రాంచందర్ వంతు అయిపోయినా చివరి మడి తడవలేదు. "తమ్మీ, ఒక్క గంట ఆగు" అని బతిమాలాడు. కింద వేరేవాళ్లు కాచుకుని ఉన్నారు. బుచ్చిరాములు ఆగలేదు, చావి తిప్పి దించేశాడు. ఆ మడి తాలైపోయింది. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రూలు ప్రకారం చేశానని బుచ్చిరాములు అందరితో అంటాడు. నిజమే. కానీ అడిగింది రాంచందర్ కాకుండా ఇంకెవరైనా అయితే ఒక గంట కాకపోయినా అరగంట ఆగేవాడే. లష్కర్ తన పాలోడికి నీళ్లు దోచిపెట్టాడని ఊరు అంటుందేమోనని భయపడి దించాడు. ఈ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

నిన్న ఆ పొలం వైపు చూస్తూ అదంతా తలుచుకుంటుంటే దేవవ్వ ఫోన్ చేసింది. పొద్దున బస్సు ఉందని, గడ్డం గీయించుకోవాలని తొందరపెట్టింది. ఆయన చావి ఊడబీకి బండెక్కాడు. చేతులు ఏం చేశాయో చేతులకే తెలియాలి.

కోరుట్ల దగ్గరి నుంచి రాని సిగ్నల్ ఇప్పుడు వచ్చింది. ఊరి నుంచి ఫోన్లేమీ రాలేదు. అంటే మూసే ఉంటాడు. లేదా నీళ్లు ఇంకా కల్లం దాకా రాలేదు. ఆఫీసులో సారుకు చేద్దామా అనుకున్నాడు. చేస్తే తూము మాట తర్వాత, ముందు చావి ఇచ్చి పొమ్మంటాడు. కల్లంలో ఎవరికైనా చెబుదామా అంటే గంటలో ఎత్తగలిగిన కుప్పలు కావవి. ఒకవేళ మూసే ఉంటే ఊరంతా నవ్వుతుంది. వేలు ఫోన్ మీద పెట్టడం, తీయడం. చివరికి ఇనాయతుల్లాకు చేశాడు.

అంతా విని ఇనాయతుల్లా, "నేను కరీంనగర్‌ల ఉన్న అన్నా, ఇనుము లోడు తెచ్చిన. గా తూము పక్కన పొలం ఎవరిది?" అన్నాడు.

"రాంచందర్‌ది."

"మరి ఆయనకు చెయ్యి."

"గాయనకు నాకు మాటల్లేవు. నీకు తెల్వదా?"

"తెల్సు. నిన్న పొద్దుగాల గంటసేపు ఒక్క కాలువ, ఒక్క వాగు అని నా చెవు తిన్నవు. అదంత నాకు చెప్పెటందుకేనా? పరేషాన్ గాకు. చెయ్యి ముందు."

ఫోన్‌లో నంబరు అలాగే ఉంది, రాంచందర్ అన్న అని. ఇన్నేళ్లలో ఆయన దాన్ని తీసెయ్యలేదు, చెయ్యలేదు. నొక్కాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాడు. మళ్లీ ఆగిపోయింది. కావాలనే ఎత్తడం లేదు. తన పేరు చూసి ఫోన్ బోర్లా పెట్టి ఉంటాడు. తానైనా అదే చేసేవాడు.

ఆర్మూర్ వచ్చేసింది. ఇక సిగ్గుపడే తీరిక లేదు. దేవవ్వ వినకుండా కిటికీ వైపు తిరిగి, వాట్సాప్‌లో వేలు నొక్కిపట్టి మాట రికార్డు చేశాడు.

"అన్నా, నేను బుచ్చిని. తూము తెరిచిపెట్టిన్నో, మూసిన్నో నాకు యాదికి వస్తలేదు. పొద్దుగాల పెద్దకాలువకు నీళ్లిడిసిన్రు. జర చూడే. కిష్టవ్వ వడ్లు మునుగుతయి. నీకు నా మీద కోపముంటది, ఉండాలె. నిన్న గీ తూము కాడ నిన్నే యాది చేసుకున్న. ఇంగ్లీషుల ఒక మాటుంది అన్నా, రైవల్ అని. మనం దుష్మన్ అనుకుంటం గని, అస్సలుకు ఒక్క కాలువ నీళ్లు తాగెటోళ్లని..."

అక్కడికి ఆయనకే తన మాటలు వినబడ్డాయి. వడ్లు మునుగుతున్నాయని చెబుతూ డిక్షనరీ చదువుతున్నాడు! వేలు జారింది, మెసేజ్ వెళ్లిపోయింది. కాసేపటికి దాని పక్కన గీతలు నీలం రంగుకు తిరిగాయి. విన్నాడు. జవాబు రాలేదు. నిజామాబాద్ దాటింది, రాలేదు. గోదావరి వంతెన వచ్చింది. దేవవ్వ చేతులు జోడించి, పిల్లతో కూడా దండం పెట్టించింది. బుచ్చిరాములు కింద నీళ్లను చూసి కళ్లు మూసుకున్నాడు.

గుడి దగ్గర ఫోన్లు కౌంటర్లో పెట్టి పోవాలన్నారు. ఆయన ఇవ్వలేక ఇవ్వలేక ఇచ్చాడు. టోకెన్ ఇచ్చే మనిషి లాక్కోవలసి వచ్చింది.

"బాపూ, జర నవ్వరాదు" అంది నవనీత. "గుడోళ్లు తీసిన ఫోటోలు సాగర్‌కు పంపుత. నువ్వు గిట్ల కూసుంటె అక్కడ ఫికర్ చేస్తడు."

"నవ్వుత బిడ్డా."

నవ్వాడు. దేవవ్వ ఆ నవ్వు చూసి ఏమీ అనకపోవడంతో అదెంత బాగా కుదిరిందో ఆయనకు అర్థమైంది.

మంటపంలో చాలామంది పిల్లలున్నారు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు బలపం నములుతున్నారు. పంతులు అందరికీ కలిపి మంత్రం చదివి, పిల్లల చెయ్యి పట్టి పలక మీద దిద్దించమన్నాడు. నందికను ఒళ్లో కూర్చోబెట్టుకుని బుచ్చిరాములు ఆ బుల్లి పిడికిలిని తన చేతిలోకి తీసుకున్నాడు. బలపం పలకను తాకింది. ఆయన మనసు కల్లంలో ఉంది. కాలువ నోట్లోంచి ముందు నురగ వస్తుంది, గడ్డిపోచలు వస్తాయి, వాటి వెనక నీళ్లు. కిష్టవ్వ చెప్పులు వదిలేసి పరిగెత్తుతుంది. కొంగుతో అడ్డం పెడుతుంది, చేతులతో వడ్లు ఎగదోస్తుంది.

"తాతా, యాడికి గీస్తున్నవు?" అంది నందిక.

ఓంకారం కొమ్ము పలక చివరి దాకా సాగిపోయింది. పంతులు వంగి చూసి, "ఏం పర్వాలేదు, ఇంకోసారి దిద్దించండి" అని పక్కకు పోయాడు. పిల్ల చదువుకు దండం పెట్టుకోవలసిన చోట బుచ్చిరాములు తూము కోసం దండం పెట్టుకున్నాడు. అమ్మా, అది మూసి ఉంటే ఇంక ఏ మాటా చదవను, ఆ పుస్తకాన్ని ఇనాయతుల్లా తక్కెట్లో వేస్తాను అనుకున్నాడు. అనుకున్నాక బాధ కలిగింది. చదువుల తల్లి ముందు కూర్చుని చదవనని మొక్కుకునే మనిషి తానొక్కడే అయి ఉంటాడు. నందిక మాత్రం తన చెయ్యి విడిపించుకుని పలక నిండా సొంతంగా గీతలు గీసి, "ఇది నా పేరు" అని అందరికీ చూపించింది.

ప్రసాదం కోసం ఆడవాళ్లు ఆగితే ఆయన ముందే బయటికి వచ్చి కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. ఫోన్ చేతికి రాగానే చూశాడు. రాంచందర్ చేసిన ఫోన్ ఉంది, తీయనిది. ఇన్నేళ్ల తర్వాత వచ్చిన ఫోన్. చెట్టు నీడలోకి పోయి, ముందు కొంచెం నీళ్లు తాగి, చేశాడు. ఈసారి ఒక్క మోతకే ఎత్తారు.

"అన్నా..."

"తూము తెరిచే ఉన్నది." రాంచందర్ గొంతు మోటుగా ఉంది, ఆయాసపడుతున్నాడు. "పొద్దుగాల బర్రెను ఇడుద్దామని వస్తే కాలువ నిండ నీళ్లు. నువ్వు ఫోన్ చెయ్యకముందుకే చూసిన."

బుచ్చిరాములు చెట్టు కింది అరుగు మీద కూర్చున్నాడు. "కిష్టవ్వ వడ్లు?"

"ఏం గాలే. కల్లం దాక పోనియ్యలే."

"ఎట్ల? చావి నా కాడ ఉన్నది కదనే."

"చావి లేకపోతె పానా లేదా? బోర్ల మెకానిక్‌ను పిలిచిన. గాయిన పెద్ద పైపు పానా తెచ్చి తిప్పిండు. గని ఆయినొచ్చే దాక నీళ్లు ఆగుతయా? పిల్లకాలువకు గడ్డి మోపులు, మట్టి సంచులు అడ్డమేసిన. గట్టు కొట్టి నా మడిలకు మలుపుకున్న." ఆయాసం తీర్చుకుని, "రెండు చేతులు బురదలున్నయి, నీ ఫోన్ ఎట్ల ఎత్తుత? నీ మెసేజ్ ఇందామని పెట్టిన గని, ఒక్క కాలువ నీళ్లు అనంగనే ఫోన్ జారి బురదల వడ్డది. అటెన్క ఏమన్నవో ఏందో" అన్నాడు.

బుచ్చిరాములుకు నిన్న కట్ట మీద నుంచి చూసిన, కోతకొచ్చిన వరి కళ్ల ముందు కదిలింది. "అన్నా, నీ వరి కోయలేదు కద."

"యాడ కోసిన. మిషన్ రేపొస్త అన్నడు."

"మరి..."

"ఇగ రాడు. మోకాళ్ల దాక నీళ్లల్ల మిషన్ దిగుతదా? వరి సగం నేల మీద పండుకున్నది." రాంచందర్ గొంతులో కోపం ఉందో నవ్వు ఉందో తెలియలేదు. "గా యాడాది ఒక్క గంట నీళ్లియ్యుమంటె ఇయ్యలే నువ్వు. గిప్పుడు దండిగ ఇచ్చినవ్."

ఆ మాట సూటిగా పోయి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. రూలు ప్రకారం అనబోయి బుచ్చిరాములు ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పలక ఊపుకుంటూ నందిక పరిగెత్తి వస్తోంది, వెనక నవనీత అరుస్తోంది.

"గప్పుడు ఆగొచ్చుండె అన్నా" అన్నాడు. "కిందోళ్లు ఒక్క గంట ఆగుతుండ్రి. నువ్వు నా పాలోనివని, ఊరు ఏమన్న అంటదని భయమయి దించిన. గంతే. ఇంకేం లేదు."

అవతల దూరంగా బర్రె అరిచింది.

"నాకు తెల్సు" అన్నాడు రాంచందర్.

"రేపు నేను, దేవవ్వ కొడవండ్లు పట్టుకొని వస్తం. నీళ్లు దీసి చేతులతోనె కోద్దాం. నువ్వు వద్దన్నా వస్త."

"చేతులతోని కోసుడు నీకు యాదికుందా?"

"ఉన్నది."

"అయితె పొద్దుగాల్నే రా. ఎండెక్కినంక నాకు చాతగాదు" అని రాంచందర్ ఫోన్ పెట్టేశాడు.